ముల్లకట్ట బ్రిడ్జి దాటాలంటే గుండె దడ – కారు నడిపేవాళ్లు సలహా చెప్పండి

రజిత_హన్మకొండ

అందరికీ నమస్తే. కారు నడపడం నాకు కొత్త కాదు. హైదరాబాద్‌కు ఒక్కదాన్నే పోయి వస్తాను. ఉప్పల్ ట్రాఫిక్ అయినా, రాత్రి పూట జనగామ దగ్గర లారీల మధ్య అయినా టెన్షన్ పడను. గోదావరి మీది పెద్ద బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికే నా వల్ల కావడం లేదు.

మా అమ్మ వెంకటాపురంలో ఉంటుంది. బాపు పోయాక ఒక్కతే అయింది. వీలైనప్పుడల్లా పోయి మందులు, సరుకులు చూసి రావాలి. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం దాకా పాటలు వింటూ హాయిగా పోతాను. ముల్లకట్ట దగ్గర రోడ్డు మెల్లగా పైకి లేచి, రెండు పక్కలా చెట్లు ఆగిపోయి, సిమెంటు గోడలు మొదలవుతాయి చూడండి, అక్కడే పట్టుకుంటుంది. అరచేతులకు చెమట పట్టి స్టీరింగ్ జారుతుంటుంది. బ్రేక్ ఎక్కడుందో కాలికి తెలియదు. పెదాల చుట్టూ తిమ్మిరి. వెనక నుంచి ఇసుక లారీ హారన్ కొట్టిందా, ఇక కళ్ల ముందు రోడ్డు సన్నబడిపోతుంది.

అన్నిటికంటే భయపెట్టేది ఇంకోటి ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "నా చేతులే స్టీరింగ్‌ను గోడ వైపు తిప్పేస్తే?" అన్న ఆలోచన. చావాలని నాకు ఏ కోశానా లేదు. పిల్లలున్నారు, ఉద్యోగం ఉంది, సంతోషంగానే ఉన్నాను. మరి ఆ ఆలోచన ఎందుకొస్తుందో తెలియదు.

ఈ మధ్య మా ఆయన వెంట ఉంటేనే పోతున్నాను. బ్రిడ్జి ముందు ఆగి సీటు మారుతున్నాం. ఆయనకు డ్యూటీ ఉన్నప్పుడు అమ్మకు ఏదో ఒకటి చెప్పి ఆగిపోతున్నాను. "పర్లేదు బిడ్డా" అంటుంది. ఆ మాట వింటే ఇంకా బాధ. భద్రాచలం మీదుగా చుట్టు తిరిగి పోదామన్నా అక్కడా గోదావరి దాటాల్సిందే. ఇది పోయే దారి ఉందా? దాటినవాళ్లు ఎట్లా దాటారో చెప్పండి.

ఖని_శ్రీను

అక్కా, మీరు రాసింది చదువుతుంటే నా గురించే రాసినట్టు అనిపించింది. నాకు గోదావరిఖని–ఇందారం మధ్య బ్రిడ్జి మీద ఇదే బాధ. అత్తగారిల్లు మంచిర్యాల. మొదట్లో లేదు. 2023 అక్టోబర్‌లో గోదావరి మీది మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగినప్పుడు టీవీలో ఆ వంగిన రోడ్డు చూపించారు కదా, అప్పటి నుంచి మొదలైంది. తర్వాత 2024 ఏప్రిల్‌లో ఓడేడు దగ్గర మానేరు మీద కడుతున్న బ్రిడ్జి గడ్డర్లు, అంటే స్తంభాల మీద పెట్టే పొడవాటి దూలాలు, రాత్రి గాలికి కింద పడ్డాయి. ఇక ప్రతి జాయింట్ దగ్గర కారు టక్కుమనగానే కింద ఏదో జారిందేమో అని ఒళ్లు జలదరిస్తుంది. ఇంజనీర్లు ఎవరైనా ఉంటే ఈ బ్రిడ్జిల సంగతి ఒక్కసారి అర్థమయ్యేటట్టు చెప్పండి.

బైపాస్_రాజు

ఇవన్నీ మనం మనసులో పెట్టుకుంటేనే. అద్దాలు ఎక్కించి, పాటలు సౌండ్ పెంచి, స్పీడ్‌గా కొట్టుకుంటూ పోండి. నిమిషంలో అవతల ఉంటారు. భయపడే టైమే ఉండదు.

స్టీరింగ్_సార్_సుబేదారి

రాజు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఈ సలహా ఎవరూ పాటించొద్దు. నేను చాలా కాలంగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. భయంలో ఉన్న మనిషి చేతులు బిగుసుకుపోతాయి. ఆ చేతులతో స్పీడ్ పెంచితే చిన్న కదలికకే బండి పక్కకు లాగుతుంది. పైగా ముల్లకట్ట లాంటి చోట ఎదురుగా లారీలు వస్తాయి. పక్కకు తప్పుకోవడానికి మట్టి రోడ్డు ఉండదు.

రజితమ్మా, బండి నడిపే పద్ధతి వరకు నాకు తెలిసింది చెప్తాను.

బ్రిడ్జి ఎక్కకముందే అద్దంలో చూడండి. వెనక లారీ ఉంటే రోడ్డు పక్కన జాగా చూసుకుని ఆగి, దాన్ని పోనివ్వండి. వెనక ఎవరూ లేనప్పుడే ఎక్కండి. మీ భయంలో సగం వెనక నుంచి తరుముతున్నారన్న తొందరలో ఉంది. అది ముందే తీసేయొచ్చు.

మూడో గేరు, 40 వేగం. ఎక్కేముందే సెట్ చేసుకుని అవతల దాకా అదే ఉంచండి. మధ్యలో తగ్గించడం, పెంచడం వద్దు. 40తో పోయినా నాలుగు నిమిషాలు కూడా పట్టదు.

చూపు. నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పేది ఇదే. భయపడిన వాళ్లు బానెట్ ముందున్న రోడ్డును చూస్తారు, లేకపోతే పక్క గోడను చూస్తారు. దగ్గరి వస్తువు కళ్ల ముందు వేగంగా పరుగెడుతుంది. దాంతో తల తిరిగినట్టు ఉంటుంది. చెయ్యి కూడా కన్ను పోయిన వైపే పోతుంది. గోడను చూస్తే బండి గోడ వైపు జరుగుతుంది. అప్పుడు చటుక్కున ఇటు లాగుతారు. చూపు దూరంగా, రోడ్డు అవతలి ఒడ్డున చెట్లలో కలిసే చోట పెట్టండి. పక్క గోడ కంటి చివర నుంచి కనబడుతూనే ఉంటుంది, దాన్ని ప్రత్యేకంగా చూడక్కర్లేదు.

స్టీరింగ్‌ను తొమ్మిది, మూడు గంటల దగ్గర పట్టుకుని, వేళ్లు ఒకసారి వదులు చేసి మళ్లీ పట్టుకోండి. భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి, దించండి. పెద్ద లారీ ఎదురుగా వచ్చి దాటిపోయినప్పుడు గాలికి బండి ఒకసారి ఊగుతుంది. ఏమీ చేయకండి, స్టీరింగ్ నిలకడగా ఉంచితే దానంతట అదే సర్దుకుంటుంది.

భయం ఎక్కువైనా బ్రిడ్జి మధ్యలో ఆపొద్దు. పొగమంచు ఉన్న పొద్దుల్లో అసలే ప్రాక్టీసు వద్దు.

ఇంకో మాట. మన ప్రాంతంలో నిజంగా మనుషుల్ని మింగుతున్నది పెద్ద బ్రిడ్జిలు కాదు, వానాకాలం లోలెవల్ కల్వర్టులు. 2024 సెప్టెంబర్ మొదట్లో మహబూబాబాద్ వైపు ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి ప్రాణాలు పోయాయి. కటాక్షపూర్ చెరువు మత్తడి పోసి నీళ్లు రోడ్డు మీది నుంచి పారుతుంటే, ముందు బండి పోయిందని మనమూ పోతుంటాం. మోకాలి లోతు పారే నీళ్లు చాలు, కారును తేల్చి పక్కకు నెట్టడానికి. మీ భయాన్ని అక్కడ వాడుకోండి. ఎత్తైన బ్రిడ్జి మీద అవసరం లేదు.

కాజీపేట_రిటైర్డ్_ఇంజనీర్

శ్రీను గారి ప్రశ్న మంచిది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మేడిగడ్డ బరాజ్. 85 గేట్లు, 1.6 కిలోమీటర్ల పొడవు. దాని మీద రోడ్డు ఉంది కాబట్టి మనం బ్రిడ్జి అనుకుంటాం. కానీ దాని అసలు పని నీళ్లను ఆపడం. ఒక పక్క నీళ్లు నిలబెట్టినప్పుడు ఆ ఒత్తిడికి పునాది కింది నుంచి నీళ్లు అవతలికి దారి వెతుక్కుంటాయి. ఆ దారిలో ఇసుక కూడా పోతే పైనున్నది కుంగుతుంది. మామూలు బ్రిడ్జికి నీళ్లను ఆపే పని లేదు. స్తంభాల మధ్య నుంచి నది తన దారిన తాను పోతుంది. గోదావరి లాంటి నదుల మీద పెద్ద బ్రిడ్జిలకు సాధారణంగా బావి పునాదులు వేస్తారు. అంటే వరదకు ఇసుక ఎంత లోతు దాకా కోసుకుపోతుందో లెక్కగట్టి, అంతకంటే కిందికి దించుతారు. కాబట్టి మేడిగడ్డను చూసి ఇందారం బ్రిడ్జి గురించి భయపడటానికి కారణం లేదు.

ఓడేడు సంగతి వేరు. అది 2016లో మొదలై పూర్తి కాని బ్రిడ్జి. గడ్డర్లు స్తంభాల మీద పెట్టిన తర్వాత వాటిని అడ్డంగా ఒకదానికొకటి కట్టి, పైన స్లాబు పోస్తేనే అంతా ఒకే ముక్కగా పని చేస్తుంది. ఆలోపు ఒక్కో గడ్డరు ఒంటరిగా నిలబడి ఉంటుంది. అట్లా వదిలేయడం ముమ్మాటికీ తప్పే, నేను సమర్థించను. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బండ్లు తిరుగుతున్న బ్రిడ్జి ఆ స్థితిలో ఉండదు.

ఇక జాయింట్ దగ్గర టక్కుమనడం. 40 మీటర్ల స్లాబు జనవరి పొద్దుకూ మే మధ్యాహ్నానికీ మధ్య సెంటీమీటరుకు పైగా సాగుతుంది. ఆ సాగడానికి జాగా ఇవ్వకపోతే స్లాబే పగులుతుంది. అందుకని స్పాన్‌కూ స్పాన్‌కూ మధ్య (స్పాన్ అంటే రెండు స్తంభాల మధ్య ముక్క) సందు వదిలి జాయింట్ పెడతాం. మీ టైరు ఆ సందు దాటినప్పుడు వచ్చే చప్పుడే అది. మీరు ఒకే వేగంతో పోతే చప్పుడు కూడా సమానమైన వ్యవధిలో వస్తుంది, గమనించండి.

బస్సు పోయినప్పుడు బ్రిడ్జి ఊగడం కూడా ఇంతే. గడ్డరుకూ స్తంభానికీ మధ్య రబ్బరు, ఉక్కు పొరల బేరింగ్ ఉంటుంది. అది కదలడానికే పెట్టింది. వంగని కర్రే విరుగుతుంది.

భద్రాచలం పాత బ్రిడ్జి సంగతి కూడా చెప్పాలి. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. 1986లో గోదావరి అక్కడ 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, అంటే ఎంత నీరో ఊహించండి. 2022లో ముందుజాగ్రత్తగా రాకపోకలు ఆపారు. నీళ్లు తగ్గాక అదే బ్రిడ్జి మీద మళ్లీ బస్సులు తిరిగాయి. ఏదైనా అనుమానం ఉంటే సాధారణంగా అధికారులే ముందు ఆపేస్తారు. దారి తెరిచి ఉందంటే పోవచ్చు.

నాగారం_ఆటో_యూనియన్

రజితక్కా, మాది ఏటూరునాగారం. బ్రిడ్జి లేనప్పుడు వాజేడు, వెంకటాపురం వాళ్ల తిప్పలు నేను కళ్లారా చూసిన. పడవ దొరికితే దాటాలి, లేకపోతే భద్రాచలం చుట్టు తిరగాలి. కాన్పు నొప్పులు వచ్చిన ఆడవాళ్లను, జ్వరంతో ఉన్న పిల్లలను పడవలోనే తెచ్చేవాళ్లు. వరద వస్తే పడవ కూడా బంద్. ఆ బ్రిడ్జి మీద మాకు అంత ప్రేమ ఉన్నది. మా బస్తీ ముసలివాళ్లు ఇప్పటికీ ఆటోలో దాటుతూ దండం పెట్టుకుని గోదారిలో రూపాయి వేస్తారు.

మీకు ధైర్యం కావాలంటే ఒక్కసారి మా ఆటోలో కూర్చుని దాటండి. పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి నీళ్లు, ఇసుక, గాలి అన్నీ తెలుస్తాయి. డ్రైవింగ్ బాధ్యత లేకుండా బ్రిడ్జిని చూడటం కూడా ఒక మెట్టే కదా. ఇసుక లారీలు తక్కువగా ఉండే టైమ్ కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, ఆ రోజు ఎట్లున్నదో చూసి చెప్తా.

మనోవైద్యం_హన్మకొండ

నేను మానసిక వైద్య విభాగంలో పని చేస్తాను. ఆటో అన్న చెప్పింది చాలా సరైన మాట, దాని దగ్గరికే వస్తాను.

ముందు రజిత గారి రహస్యం గురించి. చేతులే స్టీరింగ్ తిప్పేస్తాయేమో అన్న ఆలోచన ఈ భయం ఉన్నవాళ్లలో చాలామందికి వస్తుంది. సిగ్గు పడి ఎవరూ బయటికి చెప్పరు, అందుకే ఒక్కరికే వచ్చిందనుకుంటారు. అది కోరిక కాదు, కోరికకు పూర్తి వ్యతిరేకం. మీకు ప్రాణం మీద, పిల్లల మీద అంత తీపి ఉంది కాబట్టే మెదడు "ఇట్లా జరిగితే?" అని ముందే బొమ్మ గీసి చూపిస్తోంది. దాన్ని తరిమేయాలని చూస్తే గట్టిపడుతుంది. "వచ్చింది, ఉండనీ" అనుకుని రోడ్డు చూస్తూ పోతే పలచబడుతుంది. కానీ ఇది చదువుతున్న వాళ్లలో ఎవరికైనా నిజంగానే బతకాలని లేకపోతే, బ్రిడ్జి మీద ఉన్నా ఇంట్లో ఉన్నా, ఈ చర్చ పక్కన పెట్టి వెంటనే ఇంట్లో వాళ్లకు చెప్పండి, డాక్టరును కలవండి. టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

పెదాల చుట్టూ తిమ్మిరి, చూపు సన్నబడటం, కాళ్లు వశంలో లేవనిపించడం. ఇవి ఎక్కువగా ఊపిరి వల్ల. భయంలో మనకు తెలియకుండానే వేగంగా, పైపైన ఊపిరి పీలుస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడుకు రక్తం కొంచెం తగ్గి తల తేలినట్టు ఉంటుంది. అప్పుడు గట్టిగా ఊపిరి లాగమని పక్కవాళ్లు చెప్తారు. అది ఇంకా చెడ్డది. వదలడం మీద దృష్టి పెట్టండి. ముక్కుతో మామూలుగా తీసుకుని, నోటితో మెల్లగా, తీసుకున్న దానికంటే ఎక్కువ సేపు వదలండి. బ్రిడ్జికి ఇంకా దూరంగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

"స్పృహ తప్పితే?" అని మీరు రాయలేదు కానీ లోపల ఉండే ఉంటుంది. భయంలో గుండె వేగంగా కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది. స్పృహ తప్పడం మామూలుగా బీపీ పడిపోయినప్పుడు జరుగుతుంది. అందుకే ఈ రకం భయంలో పడిపోవడం చాలా అరుదు. అయితే ఎప్పుడైనా నిజంగా స్పృహ తప్పిన వాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరు సరే అనే దాకా బండే నడపొద్దు.

ఇక అసలు విషయం. భయం దానంతట అదే పెరిగి, కొంతసేపు ఉండి, దానంతట అదే దిగుతుంది. ఎక్కువమందిలో పది నిమిషాల్లోపే పైకి చేరిపోతుంది. కానీ సార్ చెప్పినట్టు బ్రిడ్జి నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. అంటే భయం ఇంకా పైన ఉండగానే మీరు అవతల దిగి "హమ్మయ్య, బయటపడ్డాను" అనుకుంటారు. మెదడు నేర్చుకునేది ఆ మాటే, అక్కడ నిజంగానే ప్రమాదం ఉండింది, నేను తప్పించుకున్నాను అని. ఏళ్ల తరబడి దాటుతున్నా భయం పోని వాళ్లు ఉండటానికి ఇదొక కారణం. సీటు మార్చుకోవడం, కళ్లు మూసుకోవడం, వేగం పెంచడం కూడా ఇదే పాఠం నేర్పుతాయి.

కాబట్టి ఒక్కసారి దాటి ఇంటికి పోవద్దు. అవతల ఆగండి, ఊపిరి కుదురుకున్నాక తిరిగి ఇవతలికి రండి, మళ్లీ పోండి. అదే రోజు, భయం విసుగుగా మారే దాకా. అంతకంటే ముందు చిన్నవాటితో మొదలుపెట్టండి. ఆటో అన్న చెప్పినట్టు ఆటోలో కూర్చుని దాటడం అట్లాంటిదే. ఏది ఎంత భయపెడుతుందో మీరే వరుస రాసుకోండి. ఒక మెట్టు మీద మనసు తేలికపడ్డాకే పై మెట్టు.

పరకాల_టు_మిషిగన్

మాది పరకాల. మిషిగన్‌లో ఉంటున్నాను. ఇక్కడ మాకినా బ్రిడ్జి ఉంది. 1957లో కట్టారు, 8 కిలోమీటర్ల పొడవు, మధ్యలో నీటికి 60 మీటర్ల ఎత్తు. లోపలి వరసలో తారు రోడ్డు కాదు, ఇనుప జాలీ. గాలి పోవడానికి అట్లా పెట్టారు. టైర్లు గుయ్‌మని మోగుతుంటాయి, కింద నీళ్లు కనబడతాయి. ఇక్కడి వాళ్లలో కూడా నడపలేని వాళ్లు ఎంతమంది అంటే, బ్రిడ్జి అథారిటీ వాళ్లే మనిషిని పంపి మన కారు నడిపి అవతల దింపుతారు. మేరీలాండ్‌లో చీసపీక్ బే బ్రిడ్జి అని 7 కిలోమీటర్లది ఉంది. అక్కడ ప్రైవేటు వాళ్లు డబ్బులు తీసుకుని ఇదే పని చేస్తారు. కాబట్టి రజిత గారూ, ఇది పిరికితనం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

నేను బయటి వరసలో, ముందు కారుకు దూరం వదిలి పోతాను. జాలీ వరస జోలికి పోను. మన దగ్గర కూడా రెండు వరసలున్న బ్రిడ్జి అయితే ఏ వరసలో సుఖంగా ఉందో అందులోనే మొదలుపెట్టొచ్చు.

వేణు_నర్సంపేట

పక్క సీటులో కూర్చునే వాళ్ల గురించి ఎవరూ రాయలేదు. నా భార్యకు ఈ భయం ఉండేది. రాజమండ్రిలో రోడ్డు, రైలు రెండూ ఉన్న పాత బ్రిడ్జి మీద మొదలైంది. పైన మేము, కింద రైలు, మొత్తం వణికింది.

"ఏం కాదు, ఏం కాదు" అని పదే పదే అంటే ఏదో అవుతుందనే అనిపిస్తుందట. మౌనంగా ఉన్నా కష్టమేనట. మాకు పనికొచ్చింది మామూలు మాట. ఇంట్లో కూర ఏం వండాలి, పిల్లవాడి స్కూల్ ఫీజు ఎప్పుడు కట్టాలి, ఇట్లాంటివి. జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి కదా, అందుకే పని చేస్తుందని నా నమ్మకం. ముందే ఒక ఒప్పందం చేసుకున్నాం. తను అడిగితే తప్ప నేను డ్రైవింగ్ గురించి ఒక్క మాట అనను. చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదికి పోనివ్వను. వీడియో తీయను. పిల్లలు వెనక సీటులో ఉంటే బ్రిడ్జి మొదలయ్యే ముందే వాళ్లకు తినడానికి ఏదైనా ఇచ్చి ఉంచుతాను.

తర్వాత నెమ్మదిగా నా అవసరం కూడా తగ్గించాం. ముందు పక్క సీటు, తర్వాత వెనక సీటు, తర్వాత నేను వెనక బైక్ మీద, చివరికి ఫోన్‌లో కూడా లేకుండా. ఈ వరుస మాత్రం వదలకండి. లేకపోతే భర్త ఉంటేనే దాటగలను అన్నది ఇంకో కొత్త ముడి అవుతుంది.

రజిత_హన్మకొండ

చదువుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ ఆలోచన నా ఒక్కదానిది కాదని తెలిసి రాత్రి మా ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు విని "ఇన్నాళ్లు ఒక్కదానివే మోశావా" అన్నాడు. వేణు అన్న రాసింది ఆయనతో చదివించాను.

నా వరుస రాసుకున్నాను. పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి. తర్వాత కరీంనగర్‌లో మానేరు మీది తీగల వంతెన. ఆ తర్వాత ఆటోలో ముల్లకట్ట, మా ఆయన నడుపుతుంటే ముల్లకట్ట, నేను నడుపుతూ ఆయన పక్కన, చివరికి ఒక్కదాన్నే. సరిగ్గా ఉందా?

మనోవైద్యం_హన్మకొండ

బాగుంది. ఒక్కటి కలపండి. ప్రతిసారి మొదలుపెట్టే ముందు "ఏమవుతుందని అనుకుంటున్నాను" అని ఒక వాక్యం రాయండి. దిగాక "ఏమైంది" అని దాని కిందే రాయండి. ఈ రెండూ పక్కపక్కన చూడటం చాలా పని చేస్తుంది.

ఖని_శ్రీను

సార్, మాత్రలు వేసుకుని దాటొచ్చా? మా ఫ్రెండ్ ఒకతను నిద్రమాత్ర సగం వేసుకుని పోతాడు.

మనోవైద్యం_హన్మకొండ

వద్దే వద్దు. ఆల్ప్రాజోలం లాంటివి మత్తు ఇస్తాయి, బండి నడిపేటప్పుడు ప్రమాదం. పైగా దాటింది నేను కాదు, మాత్ర అని మనసు అనుకుంటుంది, కాబట్టి భయం పోదు. గుండె దడ తగ్గించే మాత్రలు వేరే ఉన్నాయి, అవి ఆస్తమా ఉన్నవాళ్లకు పనికిరావు. ఏదైనా డాక్టరు చూసి రాస్తేనే. మందు అవసరమైన వాళ్లూ ఉంటారు, అందులో చిన్నతనం ఏమీ లేదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, చూపించుకోవచ్చు. మీ ఫ్రెండ్‌ను ఆ సగం మాత్రతో స్టీరింగ్ పట్టుకోనివ్వకండి.

లక్ష్మి_మంచిర్యాల

నాకు బ్రిడ్జి మీదే కాదు, మెడ పైకెత్తినా మంచం మీద పక్కకు తిరిగినా గిర్రున తిరుగుతుంది. ఇదీ అదేనా?

మనోవైద్యం_హన్మకొండ

కాకపోవచ్చు, లక్ష్మి గారూ. తల కదిపినప్పుడు తిరగడం చాలాసార్లు లోపలి చెవి సమస్య. ముందు చెవి డాక్టరుకు చూపించండి. కళ్లు, షుగరు, థైరాయిడ్ కూడా చూపించుకోండి. అది తేలే దాకా డ్రైవింగ్ ఆపండి.

రజిత_హన్మకొండ

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమనుకోకండి.

ఫాతిమానగర్ తొందరగానే తేలికైంది. కరీంనగర్ తీగల వంతెన దగ్గర మొదటిసారి చేతులు వణికాయి. అది 2023లో తెరిచిన కొత్త వంతెన, వెడల్పుగా ఉంది. పైకి చూస్తే తీగలు కళ్ల ముందు కదులుతున్నట్టు ఉంటాయి. సార్ చెప్పినట్టు దూరంగా చూపు పెట్టాక అది తగ్గింది. అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం. ఒక దశలో నాకు ఆకలి గుర్తొచ్చింది. భయంలో ఆకలి తెలియదు కదా, అప్పుడే అర్థమైంది ఏదో మారిందని.

ముల్లకట్ట అంత సులువుగా రాలేదు. ఒకరోజు నేను నడుపుతూ ఎక్కాక ఎదురుగా వరసగా లారీలు వచ్చాయి. పెదాల తిమ్మిరి మొదలైంది. ఊపిరి వదులుతూ, జాయింట్ల చప్పుడు వింటూ పోయాను. ఇంజనీర్ గారు చెప్పినట్టే ఒకే వ్యవధిలో టక్, టక్ అని వస్తోంది. ఆ ఆలోచన కూడా వచ్చింది. ఉండనిచ్చాను. చేతులు ఎటూ తిప్పలేదు. అవతల దిగి, బండి పక్కకు ఆపి, కాగితం మీద "ఏమైంది" కింద "చెమట పట్టింది, దాటాను" అని రాశాను. తిరిగి ఇవతలికి, మళ్లీ అవతలికి. మా ఆయన పెళ్లిచూపుల నాటి ముచ్చట్లు చెప్తూ కూర్చున్నాడు.

పోయిన వారం అమ్మ దగ్గరికి ఒక్కదాన్నే పోయి వచ్చాను. భయం పూర్తిగా పోయిందని చెప్పను. గోడలు మొదలయ్యే చోట కడుపులో ఇప్పటికీ ఒకసారి కలుక్కుమంటుంది. కానీ దాని కోసం ప్రయాణం ఆపుకోవడం లేదు. అమ్మను కళ్ల ఆసుపత్రికి హన్మకొండ తీసుకొచ్చాను, కారులో నా పక్కనే కూర్చుంది.

బైపాస్_రాజు

రజిత గారూ, చాలా సంతోషం. సార్ చెప్పిన చూపు సంగతి నేను కూడా పాటిస్తున్నాను, నిజంగానే తేడా ఉంది.

ఖని_శ్రీను

అక్కా, నేను ఇంకా ఇందారం బ్రిడ్జి మీద పక్క సీటు దగ్గరే ఉన్నాను. మా ఆవిడకు డ్రైవింగ్ రాదు, వెంట వచ్చే మనిషి దొరకడం లేదు. సార్, మీరు గోదావరిఖని వైపు వస్తారా? లేకపోతే నేనే అటు రావాలా?

స్టీరింగ్_సార్_సుబేదారి

శ్రీనూ, నువ్వు నీ బ్రిడ్జి మీదే నేర్చుకోవాలి, కాబట్టి నేనే వస్తా. ఆదివారం పొద్దున ఏడింటికి గోదావరిఖని బస్టాండు దగ్గర ఉండు. ముందురోజు రాత్రి సరిగ్గా నిద్రపో, టిఫిన్ చేసి రా, టీ మాత్రం ఎక్కువ తాగకు. వాన పడితే తర్వాతి ఆదివారం.

ఖని_శ్రీను

సరే సార్, ఆ వారం నాది సెకండ్ షిఫ్ట్, పొద్దున ఖాళీనే. బండి కాగితాలు, లైసెన్స్ అన్నీ తెస్తాను.